తగవుల్లో పుట్టిన మాటలు: అమెరికా రాజ్యవ్యవస్థపై సింహావలోకనం

ఎలక్టోరల్ కాలేజీ, ప్రైమరీ, కాకస్, ఫిలిబస్టర్, అభిశంసన, ఎగ్జిక్యూటివ్ ఆర్డర్, షట్‌డౌన్. అమెరికాలో ఎన్నికలు దగ్గరపడ్డాయంటే మన పత్రికల్లోనూ టీవీల్లోనూ ఈ మాటలు రోజూ వినిపిస్తాయి. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు వీటి నిర్వచనాలు కంఠతా పడతారు. అక్కడి కళాశాలలో చేరి అమెరికన్ గవర్నమెంట్ కోర్సు తీసుకున్న పిల్లలకు మొదట చేతికొచ్చేది ఇలాంటి పదాల పట్టికే. అయితే నిర్వచనం ఎంత బాగా వచ్చినా, ఆ పద్ధతి ఎందుకలా ఉందో పట్టికను చూసి చెప్పలేం. జనాభాలో ఆవగింజంత రాష్ట్రానికీ నాలుగు కోట్ల జనమున్న రాష్ట్రానికీ సెనేట్‌లో సమానంగా రెండేసి స్థానాలు ఎందుకు? ఎక్కువ ఓట్లు వచ్చిన అభ్యర్థి ఓడిపోవడమేమిటి? జవాబు తెలియాలంటే ఆ మాట ఏ సంవత్సరంలో, ఎవరి మధ్య తగవులో పుట్టిందో చూడాలి. అమెరికా రాజకీయ పదజాలమంతా రెండున్నర శతాబ్దాల తగవులూ రాజీలే. అందులో కొన్ని నేటికీ తెగలేదు.

ఫిలడెల్ఫియా బేరాలు

1776లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్న 13 రాష్ట్రాలు మొదట కట్టుకున్నది చాలా వదులైన పొత్తు. 1781లో అమల్లోకి వచ్చిన సమాఖ్య నిబంధనల ప్రకారం కాంగ్రెస్ పన్ను వేయకూడదు. డబ్బు కావాలంటే రాష్ట్రాలను అడగాలి. నిబంధన మార్చాలంటే 13 రాష్ట్రాలూ ఒప్పుకోవాలి. దిగుమతి సుంకం వేసుకుంటామని కాంగ్రెస్ అడిగితే ఒక్క రోడ్ ఐలాండ్ కాదన్నందుకు ప్రతిపాదన పడిపోయింది. 1786లో మసాచుసెట్స్ పడమటి జిల్లాల రైతులు అప్పులకూ పన్నులకూ తాళలేక, భూముల జప్తు ఆపడానికి కోర్టులనే మూయించారు. వారి నాయకుడు డేనియల్ షేస్ స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన సైనికుడు. ఆ తిరుగుబాటు పెద్ద భూస్వాములనూ వర్తకులనూ భయపెట్టింది. బలమైన కేంద్రం కావాలన్న వాదన దాంతో ఊపందుకుంది.

1787 మే నుంచి సెప్టెంబరు దాకా ఫిలడెల్ఫియాలో జరిగిన రాజ్యాంగ సభకు 55 మంది వచ్చారు. చివరికి సంతకాలు చేసినవారు 39 మంది. రోడ్ ఐలాండ్ ఎవరినీ పంపలేదు. జనాభాను బట్టి స్థానాలుండాలని వర్జీనియా, ప్రతి రాష్ట్రానికీ సమానంగా ఉండాలని న్యూజెర్సీ పట్టుబట్టాయి. కనెక్టికట్ ప్రతినిధులు చేసిన రాజీతో ప్రతినిధుల సభ జనాభా ప్రకారం, సెనేట్ సమాన ప్రాతినిధ్యంతో ఏర్పడ్డాయి. నేడు ప్రతినిధుల సభలో 435, సెనేట్‌లో 100 స్థానాలుండటానికి మూలం అక్కడుంది.

అదే సభలో ఇంకో బేరం జరిగింది. జనాభా లెక్కలో బానిసలు చేరాలా వద్దా? వాళ్లను మనుషులుగా ఒప్పుకోని దక్షిణాది రాష్ట్రాలే, స్థానాలు పంచుకునే వేళకు వాళ్లను లెక్కించమన్నాయి. చివరికి ప్రతి ఐదుగురు బానిసలను ముగ్గురుగా లెక్కించాలని తీర్మానించారు. బానిసల దిగుమతిని 1808 దాకా నిషేధించకూడదని కూడా రాసుకున్నారు. ఇంత చేసి, రాజ్యాంగంలో బానిస అన్న మాట మాత్రం ఎక్కడా రానివ్వలేదు. ఆ మౌనం ఎన్నో మాటల కన్నా ఎక్కువ చెబుతుంది. తాము చేస్తున్నది ఏమిటో వారికి తెలుసు.

కొత్త రాజ్యాంగాన్ని సమర్థిస్తూ హామిల్టన్, మాడిసన్, జాన్ జే ఒకే మారుపేరుతో రాసిన 85 వ్యాసాలు ఫెడరలిస్ట్ పత్రాలు. వర్గాలు పుట్టకుండా ఆపలేం గనుక అధికారాన్ని పంచి, ఒక శాఖ చేత ఇంకో శాఖను అదుపు చేయించాలన్నది మాడిసన్ వాదన. అధికార విభజన, పరస్పర నియంత్రణ అనే జంట భావాలు అలా రూపుకట్టాయి. బిల్లును అధ్యక్షుడు వీటో చేయవచ్చు. ఉభయసభలు మూడింట రెండొంతుల ఓట్లతో ఆ వీటోను తిరగ్గొట్టవచ్చు. అధ్యక్షుడు చేసే నియామకాలకు సెనేట్ ఆమోదం కావాలి. అక్కడి మంత్రులు చట్టసభ సభ్యులుగా ఉండకూడదు. మన పార్లమెంటరీ పద్ధతికి అలవాటుపడిన కంటికి ఇది వింతగా తోస్తుంది; అక్కడ గవర్నర్ అంటే ప్రజలు ఎన్నుకునే, మన ముఖ్యమంత్రిలాంటి పాలకుడని కూడా గుర్తుంచుకోవాలి.

రాజ్యాంగాన్ని వ్యతిరేకించినవాళ్లను చరిత్ర తక్కువగా తలుస్తుంది. పౌరుల హక్కులు ఇందులో ఏవని నిలదీసింది వాళ్లే. ఆ ఒత్తిడి ఫలితమే 1791లో ఆమోదం పొందిన మొదటి పది సవరణలు, అంటే హక్కుల పత్రం. వాక్ స్వాతంత్ర్యం, మత స్వేచ్ఛ, ఇంట్లో అడ్డగోలు సోదాల నుంచి రక్షణ, ఆయుధం ధరించే హక్కు, జ్యూరీ విచారణ, అన్నీ ఓడిపోయిన పక్షం సాధించిన గెలుపులు.

కోర్టు తానే అందుకున్న అధికారం

చట్టం రాజ్యాంగానికి విరుద్ధమైతే కొట్టివేసే అధికారం కోర్టుకు ఉందని అమెరికా రాజ్యాంగం ఎక్కడా సూటిగా చెప్పదు. ఆ అధికారం పేరు న్యాయ సమీక్ష. అది ఒక చిన్న ఉద్యోగం తగాదాలోంచి వచ్చింది. 1800 ఎన్నికల్లో ఓడిన అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ దిగిపోయే ముందు తన పక్షం వాళ్లను న్యాయాధికారులుగా నియమించాడు. విలియం మార్బరీకి మాత్రం నియామక పత్రం చేతికి అందలేదు. కొత్త ప్రభుత్వంలోని మంత్రి మాడిసన్ ఆ పత్రం ఇవ్వనన్నాడు. 1803లో ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ తీర్పు చెబుతూ, మార్బరీకి హక్కు ఉందన్నాడు. కాని తమకు ఆ వ్యాజ్యాన్ని నేరుగా విచారించే అధికారమిచ్చిన చట్ట భాగమే రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేశాడు. ప్రభుత్వం ధిక్కరించడానికి ఏ ఆదేశమూ లేదు. కోర్టుకు మాత్రం ఎప్పటికీ నిలిచే అధికారం దక్కింది.

1819లో అదే మార్షల్, కేంద్ర బ్యాంకు మీద మేరీలాండ్ రాష్ట్రం వేసిన పన్నును కొట్టివేస్తూ, రాజ్యాంగంలో రాసిన అధికారాలను నెరవేర్చడానికి అవసరమైన రాయని అధికారాలు కూడా కాంగ్రెస్‌కు ఉంటాయని తేల్చాడు. 1824లో అంతర్రాష్ట్ర వాణిజ్యంపై కాంగ్రెస్‌దే పైచేయి అన్నాడు. ఈనాడు కార్మిక చట్టం నుంచి పర్యావరణ నిబంధన దాకా కేంద్రం చేసే పనుల్లో చాలావాటికి ఆధారం ఈ రెండు తీర్పులు వేసిన దారే.

ఓట్ల లెక్క, గీతల లెక్క

అధ్యక్షుణ్ణి ప్రజలు నేరుగా ఎన్నుకోవాలా, కాంగ్రెస్ ఎన్నుకోవాలా అని ఫిలడెల్ఫియాలో తేలక, మధ్యేమార్గంగా పెట్టుకున్నది ఎలక్టర్ల పద్ధతి, అంటే ఎలక్టోరల్ కాలేజీ. ప్రతి రాష్ట్రానికీ ఉభయసభల్లో దానికున్న స్థానాలన్ని ఎలక్టర్ ఓట్లు. రాజధాని వాషింగ్టన్‌కు 1961లో 23వ సవరణ ద్వారా దక్కిన మూడు కలిపి నేడు మొత్తం 538. గెలుపుకు 270 కావాలి. బానిసల లెక్క ఈ ఎలక్టర్ల సంఖ్యలోకి కూడా పాకి దక్షిణాదికి బలమిచ్చింది. మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగతా రాష్ట్రాల్లో ముందున్న అభ్యర్థికే రాష్ట్రం ఓట్లన్నీ పోతాయి. అందుకే ప్రచారమంతా ఎటు మొగ్గుతాయో తెలియని కొద్ది స్వింగ్ రాష్ట్రాల చుట్టూ తిరుగుతుంది.

ఈ పద్ధతి మొదట్లోనే తడబడింది. 1800లో జెఫర్సన్‌కూ ఆయన జతగా నిలబడిన బర్‌కూ సమానంగా 73 ఓట్లు వచ్చాయి. ప్రతినిధుల సభ 36 సార్లు ఓటింగు జరిపితే గానీ జెఫర్సన్ గెలవలేదు. 1804లో 12వ సవరణ వచ్చి అధ్యక్ష, ఉపాధ్యక్ష ఓట్లను విడదీసింది. 1876లో వివాదాస్పద ఓట్లపై ప్రత్యేక సంఘం వేయగా హేస్ 185, టిల్డెన్ 184 అని తేలింది. ఆ ఫలితాన్ని అంగీకరింపజేసిన బేరంలో భాగంగానే కేంద్ర సైన్యం దక్షిణాది నుంచి వైదొలగి, నల్లజాతి పౌరులు నిస్సహాయులయ్యారు. 2000లో ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడా దేశాధ్యక్షుణ్ణి నిర్ణయించింది. 2016లో దాదాపు 29 లక్షల ఓట్లు ఎక్కువ తెచ్చుకున్న హిల్లరీ క్లింటన్ ఓడిపోయారు.

ఓటు విలువను తగ్గించే ఇంకో విద్య జెర్రీమాండరింగ్. 1812లో మసాచుసెట్స్ గవర్నర్ ఎల్‌బ్రిడ్జ్ జెర్రీ తన పార్టీకి లాభించేలా నియోజకవర్గాలను గీసిన బిల్లుపై సంతకం చేశాడు. అందులో ఒకటి బల్లిలా కనిపించే ఉభయచర జంతువు సాలమాండర్‌లా వంకరలు తిరిగి ఉందని పత్రికలు ఆయన పేరునూ ఆ జంతువు పేరునూ కలిపేశాయి. ఫిలడెల్ఫియాలో చివరిదాకా ఉండి రాజ్యాంగంపై సంతకం చేయనన్న ముగ్గురిలో ఆయనొకడు. చరిత్రలో మాత్రం ఈ ఒక్క సంతకంతో మిగిలిపోయాడు. నియోజకవర్గాల్లో జనాభా సమానంగా ఉండి తీరాలని, ఒక మనిషికి ఒకటే ఓటు విలువని సుప్రీంకోర్టు 1964లో తేల్చింది. పార్టీ లాభానికి గీసిన గీతల జోలికి మాత్రం కేంద్ర కోర్టులు రావని అదే కోర్టు 2019లో చెప్పింది. కాబట్టి ఆ తగవు ఇప్పుడు రాష్ట్రాల్లోనే జరుగుతోంది.

రాష్ట్రాల హక్కులు, మనుషుల హక్కులు

కేంద్రం చట్టం మాకు వర్తించదని రాష్ట్రం ప్రకటించవచ్చా? దిగుమతి సుంకాలపై కోపంతో 1832లో సౌత్ కరోలినా అలాగే ప్రకటించింది. ఆ సిద్ధాంతానికి పెద్ద దిక్కు జాన్ కాల్హూన్. అధ్యక్షుడు జాక్సన్ సైన్యాన్ని దింపుతానన్నాడు. సుంకాలు తగ్గించే రాజీతో గొడవ సద్దుమణిగింది. అయితే రాష్ట్రాల హక్కులన్న నినాదం వెనుక ఉన్న అసలు ఆస్తి బానిసత్వం. 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో సుప్రీంకోర్టు నల్లజాతివారు పౌరులే కాలేరన్నది. మార్బరీ తర్వాత కోర్టు కాంగ్రెస్ చట్టాన్ని కొట్టివేసింది మళ్లీ ఇందులోనే. న్యాయ సమీక్ష ఎప్పుడూ బలహీనుల పక్షాన్నే నిలుస్తుందని నమ్మేవాళ్లు ఈ కేసును మరవకూడదు.

బానిసత్వంపై తగవు చివరికి అంతర్యుద్ధానికి దారితీసింది. అది ముగిశాక మూడు సవరణలు వచ్చాయి. 1865లో 13వది బానిసత్వాన్ని రద్దు చేసింది. 1868లో 14వది, అమెరికా గడ్డ మీద పుట్టి దాని చట్టపరిధిలో ఉన్నవారంతా పౌరులని, ఏ రాష్ట్రమూ ఎవరికీ చట్టం ముందు సమాన రక్షణ నిరాకరించకూడదని, న్యాయమైన విధానం లేకుండా ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి తీసుకోకూడదని చెప్పింది. 1870లో 15వది జాతిని బట్టి ఓటు నిరాకరించడాన్ని నిషేధించింది. రాజ్యాంగాన్ని రెండోసారి రాసినంత మార్పు ఇది.

రాసింది అమలు కావడానికి మాత్రం మరో వందేళ్లు పట్టింది. 1896లో ప్లెసీ కేసులో కోర్టు విడిగా ఉన్నా సమానమేనంటూ వేర్పాటును ఆమోదించింది. జస్టిస్ హార్లన్ ఒక్కడే విభేదించాడు. 1954లో బ్రౌన్ కేసులో తొమ్మిదిమందీ ఏకమై పాఠశాలల్లో ఆ సిద్ధాంతాన్ని తోసిపుచ్చారు. 1965లో ఓటుహక్కు చట్టం దక్షిణాదిలో అక్షరాస్యత పరీక్షల వంటి అడ్డంకులను తొలగించింది. వేర్పాటును ఎదిరించి మోంట్‌గోమరీ బస్సులెక్కనన్న సామాన్యులూ ఓటుహక్కు కోరుతూ సెల్మా వంతెన మీద లాఠీలకు ఎదురు నిలిచినవాళ్లూ లేకపోతే సమాన రక్షణ అన్న మాట పుస్తకంలోనే ఉండిపోయేది. 2013లో సుప్రీంకోర్టు కొన్ని ప్రాంతాలు ఎన్నికల నియమాలు మార్చే ముందు కేంద్రం అనుమతి తీసుకోవాలన్న ఆ చట్టంలోని కీలక ఏర్పాటును పనిచేయకుండా చేసింది. ఈ తగవు కూడా ముగియలేదన్నమాట.

సెనేట్ మౌనవ్రతం పట్టనప్పుడు, పార్టీ తలుపులు తెరుచుకున్నప్పుడు

ఫిలిబస్టర్‌ను రాజ్యాంగ నిర్మాతలు కోరి పెట్టలేదు. చర్చను ముగించి ఓటింగుకు వెళ్లే నిబంధనను సెనేట్ 1806లో తీసేయడంతో ఆ సందు మిగిలింది. ఎంతసేపైనా మాట్లాడుతూ బిల్లును అడ్డుకోవచ్చని తర్వాతి తరాలు కనిపెట్టాయి. 1917లో మూడింట రెండొంతుల ఓట్లతో చర్చను ముగించే క్లోచర్ పద్ధతి వచ్చింది. 1975లో దాన్ని 60 ఓట్లకు తగ్గించారు. 1957లో పౌరహక్కుల బిల్లుకు వ్యతిరేకంగా స్ట్రామ్ థర్మండ్ 24 గంటల 18 నిమిషాలు మాట్లాడాడు. 1964 పౌరహక్కుల బిల్లుపై వారాల తరబడి సాగిన అడ్డగింతను జూన్ 10న 71–29 ఓట్లతో ఛేదించారు. మైనారిటీ గొంతుకు రక్షణ అని ఫిలిబస్టర్‌ను మెచ్చుకునేవారు, అత్యంత అణగారిన మైనారిటీకి అది వందేళ్లపాటు సంకెల అయిందన్న నిజాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. నియామకాల విషయంలో ఈ 60 ఓట్ల పట్టును 2013లోనూ 2017లోనూ ఎత్తేశారు; మామూలు బిల్లులకు అది నిలిచే ఉంది.

పార్టీల కథ వేరు. రాజ్యాంగంలో పార్టీ అన్న ఊసే లేదు. పందొమ్మిదో శతాబ్దంలో గెలిచిన పార్టీ తనవాళ్లకే ఉద్యోగాలు పంచేది. 1881లో ఉద్యోగం దక్కలేదన్న కక్షతో ఒకడు అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ను కాల్చాడు. 1883లో పెండిల్టన్ చట్టం వచ్చి పరీక్ష ద్వారా నియామకాలకు దారి తీసింది. 1913లో 17వ సవరణ సెనేటర్ల ఎన్నికను రాష్ట్ర శాసనసభల నుంచి ప్రజల చేతికిచ్చింది. 1920లో 19వ సవరణ మహిళలకు ఓటుహక్కు ఖాయం చేసింది. అధ్యక్ష అభ్యర్థిని మాత్రం పార్టీ పెద్దలే తేల్చేవారు. 1968లో ఒక్క ప్రైమరీలోనూ పోటీచేయని హంఫ్రీని డెమొక్రాట్లు అభ్యర్థిగా నిలపడం, షికాగో వీధుల్లో వియత్నాం యుద్ధ వ్యతిరేకులపై పోలీసుల దాడి, ఈ రెండూ కలిసి పార్టీ నిబంధనలను మార్పించాయి. రహస్య బ్యాలెట్‌తో జరిగే ప్రైమరీలు, స్థానిక సమావేశాల్లో తేల్చుకునే కాకస్‌లు నేడు నిర్ణయాత్మకం కావడం అందువల్లే. ఆ తర్వాత డబ్బు ప్రశ్న పైకొచ్చింది. ఎన్నికల ప్రచారంపై కార్పొరేషన్లు స్వతంత్రంగా పెట్టే ఖర్చుకు 2010లో సిటిజెన్స్ యునైటెడ్ తీర్పు అడ్డు తీసేయగా, అపరిమితంగా విరాళాలు సేకరించి ఖర్చుచేసే సూపర్ ప్యాక్‌లు పుట్టుకొచ్చాయి.

పెరిగిన అధ్యక్ష పీఠం

1930ల ఆర్థిక మాంద్యంలో అధ్యక్షుడు రూజ్వెల్ట్ చేపట్టిన న్యూ డీల్ పథకాలతో కేంద్రం పాత్ర అమాంతం పెరిగింది. ఆయన చట్టాలను కోర్టు కొట్టివేస్తుంటే, 1937లో న్యాయమూర్తుల సంఖ్య పెంచే పథకం పెట్టాడు. సొంత పార్టీవారే దాన్ని ఓడించారు. కోర్టు మాత్రం ఆ తర్వాత మెత్తబడింది. ఆయన నాలుగుసార్లు గెలిచాక, రెండుసార్లకు మించి ఎన్నిక కాకూడదని 1951లో 22వ సవరణ వచ్చింది.

అధ్యక్షుడు జారీచేసే ఎగ్జిక్యూటివ్ ఆర్డర్‌కు రెండు ముఖాలూ చూడాలి. 1942లో 9066వ ఉత్తర్వు సుమారు 1,20,000 మంది జపాన్ సంతతివారిని నిర్బంధ శిబిరాలకు పంపింది. కాంగ్రెస్ క్షమాపణ చెప్పింది 1988లో. 1948లో ట్రూమన్ 9981వ ఉత్తర్వు సైన్యంలో జాతి వేర్పాటుకు ముగింపు పలికింది. అదే ట్రూమన్ కొరియా యుద్ధ సమయంలో ఉక్కు కర్మాగారాలను స్వాధీనం చేసుకుంటే, 1952లో సుప్రీంకోర్టు అది చెల్లదంది. కాంగ్రెస్ అభీష్టానికి విరుద్ధంగా వెళ్లిన చోట అధ్యక్షుడి అధికారం అతి పలచనని జస్టిస్ జాక్సన్ చేసిన వర్గీకరణ నేటికీ ఇలాంటి కేసుల్లో వినిపిస్తుంది.

అభిశంసనపై మన దగ్గర ఒక అపోహ ఉంది: అభిశంసిస్తే పదవి పోయినట్టేనని. నిజానికి అది ప్రతినిధుల సభ మోపే అభియోగం. విచారణ సెనేట్‌ది, తొలగించడానికి మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. 1868లో ఆండ్రూ జాన్సన్ ఒక్క ఓటు తేడాతో బయటపడ్డాడు. నిక్సన్ 1974 ఆగస్టులో సభ ఓటు వేయకముందే రాజీనామా చేశాడు. 1998లో క్లింటన్‌ను, 2019లో, 2021లో ట్రంప్‌ను సభ అభిశంసించగా సెనేట్ విడిచిపెట్టింది. సెనేట్ ఓటుతో పదవి కోల్పోయిన అధ్యక్షుడు ఇంతవరకూ లేడు. అధికారిక చర్యలకు మాజీ అధ్యక్షుడిపై క్రిమినల్ విచారణ నుంచి విస్తారమైన రక్షణ ఉందని 2024లో కోర్టు తీర్పు ఇవ్వడంతో పీఠం ఇంకా ఎత్తు పెరిగింది.

ఖజానా తాళం మాత్రం కాంగ్రెస్ దగ్గరుంది. బడ్జెట్ అనుమతి లేకుండా ఖర్చుపెట్టకూడదన్న పాత చట్టాన్ని 1980లో అటార్నీ జనరల్ కఠినంగా వ్యాఖ్యానించాక, ఆమోదం ఆలస్యమైతే కార్యాలయాలు మూతపడే షట్‌డౌన్ మొదలైంది. 2018 డిసెంబరు నుంచి 35 రోజులపాటు జీతాల్లేక పనిచేసినవాళ్లలో విమానాశ్రయ భద్రతా సిబ్బంది కూడా ఉన్నారు. నాయకుల తగవుకు మూల్యం చెల్లించింది చిన్న ఉద్యోగులు.

మన ఇళ్లదాకా వచ్చిన మాటలు

ఈ చరిత్రతో మనకు నేరుగా సంబంధం ఉంది. మన రాజ్యాంగ సభ సలహాదారు బి.ఎన్.రావు 1947లో అమెరికా వెళ్లి జస్టిస్ ఫ్రాంక్‌ఫర్టర్‌ను కలిశారు. న్యూయార్క్ రొట్టెల కార్మికుల పనిగంటల చట్టాన్ని అక్కడి కోర్టు 1905లో 14వ సవరణలోని న్యాయమైన విధానం నిబంధన పేరుతోనే కొట్టివేసింది. అలాంటి నిబంధన ఎన్నికైన ప్రభుత్వాల చేతులు కడుతుందని ఫ్రాంక్‌ఫర్టర్ హెచ్చరించారు. మన 21వ అధికరణంలో చట్టం నిర్దేశించిన విధానం అని ఉండటం వెనుక ఆ సంభాషణ ప్రభావం ఉంది. 1978లో మేనకా గాంధీ కేసులో ఆ విధానం న్యాయంగా, సమంజసంగా ఉండాలని మన సుప్రీంకోర్టు చెప్పడంతో వదిలేసిన అర్థం వేరే దారిలో తిరిగొచ్చింది.

పౌరసత్వం కథ ఇంకా దగ్గరిది. అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థిండ్ తెల్లవాడు కాడంటూ 1923లో అక్కడి సుప్రీంకోర్టు పౌరసత్వం నిరాకరించింది. అప్పటికే పౌరులైన భారతీయులు కొందరి పౌరసత్వం కూడా రద్దయింది. 1946 చట్టం పౌరసత్వానికి తలుపు తెరిచి, ఏడాదికి 100 మందికి వలస అవకాశం ఇచ్చింది. దేశాల వారీ వివక్షతో కూడిన పాత కోటాలను రద్దుచేసిన చట్టంపై 1965 అక్టోబరు 3న అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేశాడు. గుంటూరు, కరీంనగర్, గోదావరి జిల్లాల నుంచి డాక్టర్లూ ఇంజనీర్లూ వెళ్లగలిగింది ఆ సంతకం వల్ల. ఓటుహక్కు చట్టం వచ్చిన ఏడాదే అదీ వచ్చింది. నల్లజాతి ఉద్యమం మార్చిన గాలి లేకపోతే అది సాధ్యమయ్యేది కాదు. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2023లో మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ కావడం ఆ దారికి కొనసాగింపు. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా తల్లిదండ్రులకు పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ పౌరుడేనని 1898లో వచ్చిన తీర్పు, హెచ్-1బీ కుటుంబాల్లో పుట్టే పిల్లలకు అండ. 2025 జనవరిలో ఆ హక్కును కుదించే ఉత్తర్వు వెలువడగానే కోర్టుల్లో సవాళ్లు మొదలైనప్పుడు, 14వ సవరణ ఎన్నో తెలుగు ఇళ్లలో చర్చకొచ్చింది.

విద్యార్థికి ఒక మాట

ఇన్ని తగవుల తర్వాత కూడా రాజ్యాంగంలో సవరణలు 27 మాత్రమే. చివరిది విద్యార్థులు తప్పక తెలుసుకోవాలి. కాంగ్రెస్ సభ్యులు తమ జీతాల్ని మార్చుకుంటే మరో ఎన్నిక అయ్యేదాకా అది అమలు కాకూడదన్న ఆ ప్రతిపాదనను 1789లోనే రాష్ట్రాలకు పంపారు. తగినన్ని రాష్ట్రాలు ఒప్పుకోక అలాగే ఉండిపోయింది. 1982లో టెక్సస్ విశ్వవిద్యాలయ విద్యార్థి ఒకరు దానికి గడువేమీ లేదని, ఇప్పటికీ ఆమోదించవచ్చని పరీక్ష వ్యాసం రాస్తే సి గ్రేడు వచ్చింది. ఆయన ఊరుకోలేదు, రాష్ట్ర శాసనసభలకు ఉత్తరాలు రాస్తూ పోయారు. 1992లో అది 27వ సవరణ అయింది. 2017లో విశ్వవిద్యాలయం గ్రేడు మార్చింది.

కాబట్టి పదాల పట్టిక ముందు కూర్చున్న విద్యార్థి ప్రతి మాట పక్కనా నిర్వచనంతో పాటు మూడు సంగతులు రాసుకోవాలి: ఏ సంవత్సరం, ఏ తగవు, ఆ రాజీకి ఎవరు మూల్యం చెల్లించారు. సెనేట్ పక్కన చిన్న రాష్ట్రాల భయం, ఎలక్టోరల్ కాలేజీ పక్కన బానిసల లెక్క, సమాన రక్షణ పక్కన వందేళ్ల నిరీక్షణ రాసుకుంటే పరీక్షలో మార్కులొస్తాయి, పత్రిక చదివితే అర్థమూ అవుతుంది. అంతకన్నా ముఖ్యం, ఏ దేశంలోనైనా పాలనా నియమం దేవుడిచ్చింది కాదని, మనుషులు బేరమాడి రాసుకున్నదేనని తెలుస్తుంది. బేరంలో తమ మాట చెల్లనివాళ్లు గట్టిగా, ఓపికగా అడిగినప్పుడల్లా అది మారింది. అమెరికా చరిత్ర నుంచి ప్రజాస్వామ్యం చదివేవారు నేర్చుకోవలసిన మొదటి పాఠం అదే.